మూడో జత

"డబ్బాలో కప్ప అరిచినట్టుందే," అంది వెంకటనరసమ్మ.

ఆవిడ అన్నది మనవరాలు సింధూరి పాట గురించి.

రేడియోలో పిల్లల కార్యక్రమంలో పాడిన పాట అది. తల్లి గంగాభవాని దాన్ని భద్రంగా క్యాసెట్లో పట్టింది. తీరా వేస్తే ఇంట్లో ఉన్న పాత స్పీకర్లు గరగరలాడాయి.

ఆ గొంతుకి సంగీతం దండగ, మాన్పించేయమని అత్తగారు తీర్పు కూడా చెప్పేసింది.

గంగాభవానికి ఒళ్ళు మండింది. తప్పు పిల్ల గొంతుది కాదని అత్తగారి చెవికే వినిపించాలనుకుంది. గాజుల కొట్టులో వెనకేసుకున్న సొమ్ము చెంగున ముడేసుకుని, ఆ క్యాసెట్ పట్టుకుని తాడేపల్లిగూడెంలో ఏలూరు బస్సెక్కింది.

సీడీలు వచ్చిన కొత్త రోజులవి. ఏలూరులో స్పీకర్లు అమ్మే షఫీ కొట్టు నిండా జనం వదిలించుకున్న స్టీరియోలే.

కొత్త స్పీకర్ల ధర అడిగి ఊరుకుంది. పాతవాటిలో మొదటి జత బొంగురుగా మోగింది. రెండో జతలో తబలా తప్ప ఇంకేమీ వినపడలేదు.

మూడో జతవి టేకు పెట్టెలు. క్యాసెట్ పెట్టగానే సింధూరి పక్కనే నిలబడి పాడినట్టయింది. పల్లవికీ చరణానికీ మధ్య పిల్ల ఊపిరి తీసుకోవడం కూడా తెలిసింది. ఇంత గొంతు నా కడుపున పుట్టిందా అని గంగాభవాని పొంగిపోయింది.

అప్పుడు చూసింది. ఎదురుగా స్టూలు మీద ఒక పెద్దాయన రెప్ప వేయకుండా ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

ఆమె గోడవైపు తిరిగింది.

ఆయన స్టూలు జరుపుకుని మళ్ళీ ఎదురుగా వచ్చాడు.

ఈ వయసులో ఇదేం బుద్ధి అనుకుంది.

"పాడుతున్నది మీ అమ్మాయా అమ్మా?" అన్నాడాయన.

ముభావంగా తలూపింది.

షఫీ చెప్పిన ధరకు ఆమె ముడి చాలలేదు. బేరం మొదలుపెట్టింది. గాజుల కొట్టు నడిపే మనిషికి బేరం ఒకరు నేర్పాలా? షఫీ మాత్రం ఒక్క మెట్టూ దిగలేదు. చివరికి ఎందుకో పెద్దాయన వైపు చూశాడు. ఆయన ఇచ్చెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు.

బ్రోకరు కాబోలు, కమీషన్ అడుగుతాడేమోనని గంగాభవాని గబగబా ఆటో ఎక్కింది. ఆయన నమస్కారం పెడితే చూడనట్టే తల తిప్పుకుంది.

ఆదివారం వీధి వీధంతా వాళ్ళింట్లోనే ఉంది. వెంకటనరసమ్మ పాటను మళ్ళీ మళ్ళీ వేయించుకుంది. గొంతు తమ పుట్టింటివైపు నుంచే వచ్చిందని పక్కింటివాళ్ళకు చెప్పింది కూడా. సంగీతం మాన్పించే మాట మరి ఎత్తలేదు.

గంగాభవాని గర్వానికి పట్టపగ్గాల్లేవు. కూతురి పాట గురించి ఎంత చెప్పిందో, తన బేరం గురించీ అంతే చెప్పుకుంది.

గాజుల సరుకు కోసం ఏలూరు వెళ్ళినప్పుడు లడ్లు పట్టుకుని షఫీ కొట్టుకి వెళ్ళింది.

"ఆ పెద్దాయన లేరాండీ? ఆ రోజు మర్యాద తప్పాను. ఆయనకీ నోరు తీపి చేద్దామని," అంది.

"మల్లికార్జునరావుగారా? ఆ మర్నాడే కామవరపుకోట వాళ్ళన్నగారింటికి వెళ్ళిపోయారమ్మా. ఇక ఇటు రారు."

ఆ స్పీకర్లు ఆయనవేనని షఫీ అప్పుడు చెప్పాడు. మైకుసెట్టువాళ్ళు ఎక్కువిస్తామన్నా ఆయన ఇవ్వలేదట. పాడిగేదెను అమ్మేటప్పుడు ధరకన్నా ఇల్లు చూడాలనేవాడట. అందుకే వచ్చినవాళ్ళందరినీ చూస్తూ రోజూ ఆ స్టూలు మీదే కూర్చునేవాడట.

గంగాభవాని సిగ్గుపడింది. ఆ వెంటనే మనసు నిండిపోయింది.

"అంత తెలిసినాయన మా పిల్ల పాట మెచ్చారన్నమాట. ఎంత చెవండీ ఆయనది! వింటూనే మా అమ్మాయని పట్టేశారు."

షఫీ తల అడ్డంగా ఊపాడు.

"ఆయనకి వినికిడి బొత్తిగా పోయాకే వాటిని అమ్మకానికి పెట్టారమ్మా, మీ మొహం చూసే ఇచ్చేశారు."