దసరా దాటాక నీరు ఎటు

ముప్పైరెండేళ్ళు భూగోళం చెప్పి రిటైరైన జానకీరామయ్య మాస్టారికి మిగిలినవి రెండే. గొంతులో జీర, ఒంట్లో అలసట. ఆటుపోట్ల పాఠం చెప్పిన ప్రతి ఏడూ వెనక బెంచీ నిద్రపోయేది. ముందు బెంచీ కళ్ళు తెరుచుకుని నిద్రపోయేది. చెవిటివాడి ముందు శంఖం ఊదీ ఊదీ ఆయనకు విసుగెత్తిపోయింది.

అలాంటి ఆయన్ని వెతుక్కుంటూ, భాద్రపదంలో ఒక మధ్యాహ్నం, గోసాని నువాగాంలోని ఇంటికి ఒకామె వచ్చింది. పేరు కన్నమ్మ. సముద్రం ఒడ్డునున్న మార్కండి నుంచి ఎండుచేపలు తెచ్చి గేట్ బజార్లో అమ్ముకుంటుంది. ఖాళీ తట్ట బయట పెట్టి అరుగు మీద కూలబడింది.

"సముద్రం సంగతులు తమరికి బాగా తెలుసునంట కదా బాబూ. నీటిలో మడిసి పడితే ఎటెల్తాడు?"

మాస్టారు ఉలిక్కిపడ్డారు. "ఎవరమ్మా?"

"మా ఇంటాయన."

అప్పుడు చూశారాయన ఆమె చేతుల్ని. గాజుల్లేవు. మణికట్ల చుట్టూ గాజుపెంకులు గీరిన గాట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. గాజులు పగలగొట్టే ఆ పాడు ఆచారం ఆయనకు ఏనాడూ నచ్చలేదు. మజ్జిగ తెచ్చిన ఆయన భార్య బాలాంబ కూడా ఆ చేతులే చూసి, గ్లాసు పక్కన పెట్టి, కొంగుతో కళ్ళొత్తుకుంటూ లోపలికి పోయింది.

"మీ ఊరి పడవలవాళ్ళకు నాకంటే బాగా తెలుసు కదమ్మా."

"ఆలకి తెలుసు బాబూ. ఆలని అడగనేను."

నిజమే. ఊరంతా జాలిగా చూస్తుంటే నోరెలా వస్తుంది అనుకున్నారు మాస్టారు. పాత అట్లాసు దులిపి తీశారు. పళ్ళెంలో నీళ్ళు తెప్పించి, కరివేపాకు ఒకటి వేసి, వేలితో నీటిని కదిపారు. ఆకు ఉన్నచోటే లేచి పడింది.

"చూశావా? కెరటం దేన్నీ అట్టే దూరం మోసుకుపోదు. మోసుకుపోయేది తీరం పొడుగునా నడిచే ప్రవాహం. ఎండాకాలంలో అది పూరీ వైపు పోతుంది. దసరా దాటాక తిరగబడి కళింగపట్నం, భీమిలి వైపు దిగుతుంది."

"ఎండల్లో పూరీ, దసరా దాటితే బీమిలి" అని కన్నమ్మ అప్పజెప్పింది. "మరి అమాసకి నీరు పొంగుతాది కదా, అదేటి?"

"అది పోటు. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి నీటిని లాగుతారు. పెరిగిన నీరు కొన్ని గంటల్లో మళ్ళీ తీస్తుంది."

ఆమె రెప్ప వెయ్యకుండా విన్నది. ఇన్నేళ్ళలో తన పాఠం ఇంత శ్రద్ధగా విన్నది ఈమె ఒక్కతే. ఇలాంటి సందర్భంలో దానికి లోలోపల మురిసినందుకు మాస్టారికి తనమీద తనకే సిగ్గేసింది.

"ఎంత దూరంలో పడితే మరి ఒడ్డుకి రాడు బాబూ?"

ఆయన తటపటాయించారు. లేనిపోని ఆశ పెట్టడం కంటే నిజమే నయమనిపించింది.

"కెరటాలు విరిగేచోటైతే ఆ చుట్టుపక్కలే తేలుతాడు. అది దాటి బాగా లోపలికి పోతే మాత్రం చెప్పలేం. రాకపోవచ్చు."

కన్నమ్మ ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి ఎప్పుడో అలిసిపోయిన ముఖం అది.

"ఇరవయ్యేళ్ళ కాపరం బాబూ" అంది. "ఒళ్ళు అలిసిపోనాది."

మాస్టారు లేచారు. ఏ ఊరి రేవులో వాకబు చెయ్యాలో చెప్పగలిగితే చాలు. శవం దొరికితే ఆ మనిషికి కర్మలైనా సవ్యంగా జరుగుతాయి. చదివిన చదువు ఈ ఒక్కదానికైనా పనికి రావాలి. గోడ మీది కేలండర్ దించారు. పెన్సిల్ చెక్కారు. ఇంతసేపూ నోటిదాకా వచ్చి ఆగిపోయిన ప్రశ్న ఇక అడక్క తప్పలేదు.

"లెక్క కట్టాలంటే తేదీ కావాలమ్మా. మీ ఆయన సముద్రంలో పడింది ఏ రోజు?"

కన్నమ్మ మజ్జిగ ఆఖరి గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఇంకా పడనేదు బాబూ, ఇంటికాడ తాగి తొంగున్నాడు."