మచ్చలో నెలవంక

“వచ్చిందా, రాలేదా? అదొక్కటే చెప్పండి డాక్టర్ గారూ.”

స్కానింగ్ డాక్టర్ కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పాడు. తలుపు దగ్గర కొత్తపెళ్ళికూతురు. వార్డులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. పెళ్ళయిన రెండో నెలలోనే భర్తకు బ్లడ్ కేన్సర్ అని తేలింది. మందుల దెబ్బకి తెల్లకణాలు అడుగంటాయి. అదే సందని ఊపిరితిత్తిలో ఫంగస్ చేరింది.

“బూజన్నమాట!” అన్నాడు భర్త మొదటి స్కాన్ రోజున, బల్ల మీద పడుకునే. “పెళ్ళై మూడు నెలలు తిరక్కుండా మా వాడికి బూజు పట్టించావేమే అని మా అమ్మ దీన్ని దులిపేస్తుంది చూడండి.”

“ముందు మీ అబ్బాయిని ఎండలో పెట్టండత్తయ్యా అంటాను” అందామె. గదిలో అందరూ నవ్వారు.

ఆ రోజే డాక్టర్ ఇద్దరికీ విడమరిచి చెప్పాడు. స్కాన్‌లో కనిపించే ఫంగస్ మచ్చ ముందు పెరుగుతుంది, బెంబేలు పడొద్దు. తెల్లకణాలు తిరిగొచ్చాక దాని అంచున నెలవంకలా సన్నటి గాలి చీలిక కనిపిస్తుంది. అది కనిపించిందంటే ఒళ్ళు మళ్ళీ పోట్లాటకి దిగినట్టే.

అప్పట్నుంచి ప్రతి స్కాన్‌కీ పందెమే.

“ఈసారి రాకపోతే వారం రోజులు నీ మాట వింటా” అనేవాడతను.

“వస్తే?”

“వస్తే జీవితాంతం వింటా.”

రెండుసార్లు రాలేదు. ఆ రెండు వారాలూ అతను బుద్ధిగా చేదు మందులు మింగాడు.

ఈ కిటికీ లేని గదిలో కూర్చుని, వరసలో వచ్చిన బొమ్మలు చూసి రిపోర్టు రాయడమే డాక్టర్ పని. వార్డు వైపు వెళ్ళడు. నిన్న సాయంత్రం తీసిన అతని స్కాన్ ఇప్పుడు, పొద్దున పదింటికి, వంతుకొచ్చింది.

ఆమె చేతిలో సంచి. పైకి మగవాళ్ళ చెప్పుల జత కనిపిస్తోంది.

“గది మారుస్తున్నారా అమ్మా?”

“ఖాళీ చేసేస్తున్నామండి.”

“మరింకేం! ఇలా రా, నీ కళ్ళతో నువ్వే చూడు.”

తెర ఆమె వైపు తిప్పాడు. తెల్లటి మచ్చ అంచున నల్లగా, గోటితో గీరినట్టు, నెలవంక.

“ఇంత సన్నగానా?”

“సన్నగానే మొదలవుతుంది. తెల్లకణాలు వచ్చేశాయి తల్లీ.”

“అంటే... ఆయన గెలుస్తున్నట్టేనా?”

“గెలుస్తున్నట్టే.”

“ఇంకోసారి చెప్పండి.”

చెప్పాడు. ఆమె కళ్ళు నిండి జలజలా రాలాయి. రోజంతా చెడ్డ కబుర్లు రాసే చేతికి ఇలాంటి బొమ్మ ఏ నెలకో ఒకటి దొరుకుతుంది. డాక్టర్ ఆమెను తనివితీరా ఏడవనిచ్చాడు.

“ఒక్కటే జాగ్రత్త. మచ్చ ఇలా విడేటప్పుడు ఒక్కోసారి దగ్గులో రక్తం పడుతుంది. అప్పుడే ఇంటికి పంపొద్దని, కనిపెట్టుకుని ఉండమని వార్డుకి చెప్తానుండు” అంటూ ఫోన్ అందుకున్నాడు.

ఆమె ఆ చేతిని మెల్లగా ఆపింది.

“పొద్దున్నే పడిందండీ, ఆయన పోయారు.”