తుండు కింద బేరం

మీటింగు మధ్యలో ఒక ముసలాయన స్టేజీ ఎక్కి గిరిబాబు చెయ్యి పట్టుకున్నాడు.

పట్టుకుని ఊరుకోలేదు. భుజం మీది తుండు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

పుంగనూరు కల్యాణ మండపంలో రెండు వందల మంది చూస్తున్నారు. గిరిబాబుకి ఒళ్లు మండింది. అసలు పొద్దుటి నుంచీ మండుతూనే ఉంది.

బెంగళూరు కంపెనీ ఒకటి హాస్టల్ కట్టిస్తానంది. కూలి పనులకు బెంగళూరు వెళ్లేవాళ్ల పిల్లలు బడి మానకుండా ఇక్కడే ఉండి చదువుకోవడానికి. షరతు ఒక్కటే. జాగా ఊరివాళ్లు ఇవ్వాలి. ఈ సాయంత్రంలోగా తేలకపోతే ఆ కట్టడం కుప్పం సేవా సంఘానికి వెళ్లిపోతుంది.

పుంగనూరు సంఘానికి గిరిబాబే కార్యదర్శి. నలభై మంది పిల్లల పేర్లు రాసుకుని ఆశగా కూర్చున్నాడు. పిలిచిన పెద్దమనుషులందరూ వచ్చారు. మాటలు కోటలు దాటాయి కానీ సెంటు భూమి రాలలేదు.

ఇప్పుడు ఈయనొకడు. మాసిన పంచె, ఒంటినిండా పేడ వాసన.

“ఎవరు నువ్వు?”

“అంజినప్పనప్పా, సదుం. గొడ్ల సంతలో బేరాలు కుదిరిస్తాంటా.”

పశువుల బ్రోకరు. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు.

“ఆస్టల్లో బిడ్డోళ్లకు మూడు పూట్లా బువ్వ పెడతారా?” అని అడిగాడు అంజినప్ప.

“పెడతాం. నీకెందుకు?”

“సదుం దావలో రెండెకరాలుండాది. బావి ఉండాది, నీళ్లుండాయి.”

గిరిబాబుకి ప్రాణం లేచొచ్చింది.

“ఎవరిది? ఎంత చెప్తాండారు?”

“నోటితో చెప్పేది కాదప్పా. మా సంతలో ధర వేళ్లతోనే చెప్తాము.”

తుండు కింద ఆ మొరటు చెయ్యి గిరిబాబు వేళ్లు ఐదింటినీ ఒక్కొక్కటిగా తడిమింది. అన్నింటినీ లోపలికి మడిచి, పిడికిలి చేసి, పైనుంచి మూసింది.

ఐదు. అంటే ఐదు లక్షల కమీషన్. బ్యాంకులో ఉద్యోగం చేసేవాడికి ఆ మాత్రం తెలియదా? సంత మొహం చూసి ఎరగడు గానీ, బ్రోకర్ల సంగతి అంతా తెలుసని గిరిబాబు ధీమా.

చెయ్యి విదిలించుకున్నాడు. తుండు కింద పడింది.

మైకు అందుకున్నాడు.

“చూసినారా అప్పా. దిక్కులేని బిడ్డలకు జాగా అడిగితే, ఈయన తుండు కింద కమీషన్ అడగతాండాడు. ఇట్లాంటోళ్ల వల్లే మన ఊర్లు ఇట్లుండాయి.”

చప్పట్లు మోగాయి. పొద్దుటి నుంచీ ఆ మండపంలో చప్పట్లు మోగింది అప్పుడే.

“సిగ్గు లేదా అప్పా నీకు?” అంది ట్రెజరర్ కల్పన.

“ఇదేమన్నా ఎనుముల బేరం అనుకుంటివా?” అన్నారు వెనక నుంచి ఎవరో. “బయటికి తొయ్యండప్పా ఆ బ్రోకర్ని.”

అంజినప్ప వంగి తుండు తీసుకున్నాడు. దులిపి భుజాన వేసుకున్నాడు.

“తుండు కింది మాట పైకి చెప్పేది మా సంతలో లేదప్పా,” అన్నాడు. “నువ్వు చెప్పినావు. నేను చెప్పను.”

మెట్లు దిగి, జనం మధ్యలోంచి నడిచి వెళ్లిపోయాడు. దారి ఇచ్చినవాళ్లు కూడా పక్కకు తప్పుకున్నది గౌరవంతో కాదు.

సాయంత్రం బెంగళూరు వాళ్లు దండం పెట్టి కారెక్కారు. హాస్టల్ కుప్పం పోయింది.

నెల తిరిగేసరికి అక్కడ శంకుస్థాపన జరిగిన ఫొటో గిరిబాబు ఫోనుకు వచ్చింది. అప్పటికే అతను రాసుకున్న నలభై మందిలో ముప్పై మంది అమ్మానాన్నల వెంట బెంగళూరు బస్సెక్కేశారు. గిరిబాబుకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఎవరి మీదో ఒకరి మీద పోయాలి కదా.

“అంతా ఆ బ్రోకరుగాడు చెడగొట్టినాడు నాయనా,” అన్నాడు రాత్రి అన్నం తింటూ. “వాడొచ్చినాక ఒక్కరూ నోరు తెరవలేదు.”

తండ్రి యల్లప్ప ఒకప్పుడు గొడ్లు మేపి కొడుకును చదివించినవాడు. మోకాళ్ల నొప్పులతో ఆరోజు మీటింగుకు రాలేదు.

“యా బ్రోకరు?”

“సదుం అంజినప్పంట. ఎవరిదో రెండెకరాలు చూపించి ఐదు లక్షలు కొట్టేద్దామనుకున్నాడు.”

“బావి ఉండే రెండెకరాలా? ఎవరిదో కాదురా, ఆయప్పదే. ఆయప్పకు ఉండేదే అది.”

“అయితే ఇంకా అన్యాయం. సొంత చేనుకు కమీషనా? బిడ్డల పేరు చెప్పి అమ్ముకోవాలని చూసినాడు దొంగ.”

“ఐదని నోటితో అన్న్యాడా?”

“లేదు. తుండు కప్పి వేళ్లు పట్టుకున్నాడు.”

యల్లప్ప పళ్లెం పక్కకు జరిపి చెయ్యి కడుక్కున్నాడు. భుజం మీది తుండు తీసి చేతి మీద వేసుకున్నాడు.

“ఎట్ల పట్టినాడో పట్టు, సూస్తా.”

గిరిబాబు నవ్వుతూనే ఎడమ చెయ్యి తుండు కింద పెట్టాడు. అంజినప్ప పట్టినట్టే తండ్రి వేళ్లు ఐదూ లోపలికి మడిచి, పిడికిలి చేసి, పైనుంచి మూశాడు.

యల్లప్ప చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“ఐదైతే వేళ్లు చాపి పట్టుకుంటారురా,” అన్నాడు. “నలభై ఏండ్లు సంతకు పోయినా, ఇట్ల పట్టంగా ఒక్కసారే సూసినా.”

“ఇట్ల పడితే ఏంది నాయనా?”

“వేళ్లన్నీ మడిచి మూసినాడంటే, ధర ఏమీ వద్దు, ఊరికే తోలుకపో అని.”