నల్లరాతి మీద సున్నపు గుర్తు

దిగువ చేనులోని నల్లరాతి మీద ఎవరో పరాయి మనిషి సున్నంతో అడ్డగీత గీస్తున్నాడు.

గట్టు మీదినుండి మొండయ్య అది చూశాడు.

అవి రాష్ట్రాలను విడదీసి మళ్లీ కూరుస్తున్న రోజులు. రాజురా తాలూకా ఆదిలాబాదును విడిచి మరాఠీ రాజ్యంలో కలుస్తుందని విరూర్ స్టేషన్‌లో రైలు దిగిన ప్రతివాడూ చెబుతున్నాడు. గీత ఎవరి పొలం గుండా పోతుందో ఎవరికీ తెలియదు. అందుచేత ఊళ్లో కాలు పెట్టిన ప్రతి కొత్త మనిషీ జనం కంటికి హద్దులు గీసేవాడే.

"అచ్చిండు," అని గొణుక్కున్నాడు మొండయ్య. "నా చేనే దొరికింది ఈయనకు."

ఉన్న చింత చాలదా? రెండేళ్లుగా తవ్విన బావి నల్లరాయి తగిలి ఆగిపోయింది. చుక్క నీరు లేదు. ఈ వేసవి కూడా ఇట్లాగే గడిస్తే సేద్యం మాని చాందా బొగ్గు గనిలో దిగవలసిందే. ఆ మాట విన్ననాడే భార్య నర్సక్క, "నేలను ఇడిచి నేల కిందికి పోతవా?" అని, నీళ్ల కోసం మొక్కుకోవడానికి శివరాత్రికి మార్కండ క్షేత్రానికి బయలుదేరింది. ఇంకా తిరిగి రాలేదు.

పరాయి మనిషి దగ్గరికి వచ్చాడు. చేతిలో చిన్న సుత్తి, భుజాన రాళ్ల సంచి. పేరు అనంతరావు అని చెప్పాడు.

"మీ ఇంటామె ఇంకా రాలేదా?"

"రాలే సాబ్. ముందుగాల గట్క తిందురు రాండ్రి."

తిథి చూసుకొని రానివాడే అతిథి అన్నారు పెద్దలు. అయితే మొండయ్య మర్యాదలో కొంత లౌక్యమూ ఉంది. సర్కారు మనిషికి కడుపు నిండితే గీత నాలుగు బారలు అవతలికి జరగకపోతుందా అని అతని ఆశ.

పొయ్యి మీద జొన్నగట్క కుతకుత ఉడుకుతోంది. అనంతరావు కుండ ముందు చతికిలబడి పసివాడిలా సంబరపడ్డాడు.

"చూడు మొండయ్యా, మీ నల్లరాయి కూడా ఒకనాడు ఇట్లా ఉడికినదే. భూమి లోపల కరిగిన రాయి మొదట చిన్న నోరు తెరుస్తుంది. ఇదిగో, ఈ బుడగలాగా ఉమ్మి ఊరుకుంటుంది. అడుగున సరుకు అయిపోతే అంతే. చిన్న గుట్టగా మిగిలిపోతుంది."

"అయిపోకుంటే?"

"అదే దారిన మళ్లీ వస్తుంది. వచ్చినకొద్దీ దారి వేడెక్కుతుంది, తరువాత వచ్చేదానికి సులువవుతుంది. లోపల మడుగు కడుతుంది. మడుగు నుండి పక్కలకు కొత్త దారులు, కొత్త నోళ్లు. పాతవి కూలుతాయి, వాటి మీదనే కొత్తవి లేస్తాయి. చిన్న అగ్గిగుట్ట అట్లా మహాపర్వతమవుతుంది. మీ దగ్గర మాత్రం నేల చీలి, పొర మీద పొరగా పారింది."

మొండయ్య తెడ్డు ఆపి ఆలోచించాడు. సర్కారు వారు ఉన్నది ఉన్నట్టు ఎన్నడు చెప్పారు? చిన్నవి పెరిగి పెద్దవి కావడమంటే తాలూకాలు కూడి రాష్ట్రం కావడం. పాతవి కూలడమంటే...

"అయితే మా హైదరాబాదు రాజ్యం కూలినట్టేనా సాబ్?"

అనంతరావు అతనివైపు వింతగా చూసి, అది పరిహాసమనుకొని కడుపుబ్బ నవ్వాడు. గట్క తిని చేయి కడుక్కున్నాడు.

"నేను గుర్తు పెట్టిన చోటు వదులుకోవద్దు. అక్కడ పై పొర పలుచన. దాని కింద బుడగరాయి. ఆ బుడగల్లోనే..."

విరూర్ వైపునుండి రైలు కూత వినిపించింది. మిగిలిన మాట నోట్లోనే ఉంచుకొని అతడు పరుగందుకున్నాడు.

సర్కారు మనిషి వదులుకోవద్దన్నాడంటే వెంటనే వదిలించుకోవలసిందేనని మొండయ్య నిశ్చయించుకున్నాడు. తెల్లవారగానే పక్క చేను దేవన్న దగ్గరికి వెళ్లాడు.

"బామ్మర్దీ, నా దిగువ మడి నువ్వు తీసుకో. నీ ఎగువ మడి నాకియ్యి."

"ఏంది బావా, గింత ప్రేమ?"

"దాచుడెందుకు? రాష్ట్రాల గీత గా మడిలకెల్లే పోతది. నాకు భయమైతంది."

దేవన్న నవ్వాడు. "మంచిదే గదా. అడ్డంగ పండుకుంటే తలకాయ తెలుగుల, కాళ్లు మరాఠీల. తియ్యి."

పెద్దల ఎదుట ఒకరి మడి మన్ను ఒకరి దోసిట్లో పోసి మార్పు ఖాయం చేసుకున్నారు.

"రాయే లేకుంటే గీత ఏడికెల్లి పోతది?" అని దేవన్న ఆ మరునాడే గడ్డపారతో గుర్తున్న బండను పెకలించాడు.

బండ కింద తేనెపట్టులాంటి బుడగరాయి. గడ్డపార పోటుకు అది పిండిలా రాలింది. రాలినచోట చెమ్మ. చెమ్మ తడి అయింది, తడి ధారయింది. పొద్దు వాలేసరికి మోకాలిలోతు నీళ్లు.

మొండయ్య గట్టు మీద కూలబడ్డాడు.

"మొఖం గట్ల పెడ్తవేంది బావా?" అన్నాడు దేవన్న నీళ్లలోనే నిలబడి. "నీళ్లకు హద్దెక్కడిది? పార తీస్కరా, నీ చేన్లకు కాలువ తీద్దాం."

అప్పుడే నుదుట విభూతితో, చేత ప్రసాదపు మూటతో నర్సక్క వచ్చింది. నీళ్లు చూసి అక్కడే నిలబడి చేతులు జోడించింది.

"గా సాబ్ మాట తప్పలే."

"ఏ సాబ్ అక్కా?" అన్నాడు దేవన్న.

"మొక్కు చెల్లిచ్చి మార్కండ గుడి మెట్లు దిగుతుంటే, రాళ్లు కొట్టి చూసుకుంట ఎదురుపడ్డడు అనంతరావు సాబ్," అంది నర్సక్క, ప్రసాదం భర్త చేతిలో పెడుతూ. "శివుడే చూపిచ్చిండనుకొని, మా బాయికి నీళ్ల జాడ చెప్పి పో అయ్యా అని నేనే ఆయన్ని నీ కాడికి తోలిన."