దుప్పటి వెనక ఫాదర్

“చెల్లిని కొట్టాను ఫాదర్.”

“ఎన్నిసార్లు?”

“ఇవాళా, మొత్తం కలిపా?”

దుప్పటి వెనక అమ్మ నవ్వు ఆపుకుంది. రెండు కుర్చీల మధ్య కట్టిన దుప్పటికి అటువైపు ఆరేళ్ళ కొడుకు మోకరించి ఉన్నాడు. ప్రతిదానికీ ఎందుకు అంటాడని ఇంట్లో వాడి పేరు ఎందుకుగాడు. వాడికింకా రెండేళ్ళు వ్యవధి ఉంది. వచ్చే ఆదివారం పూజలో మొదటిసారి దివ్యసత్ప్రసాదపు అప్పం తీసుకోబోయేది ఎనిమిదేళ్ళ అక్క. ముందురోజు చర్చిలో ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చెయ్యాలి కాబట్టి, దానికే ఈ రిహార్సల్. అక్క ఏది నేర్చుకుంటే అది వీడికీ కావాలి.

“మన పాపాలు ఫాదర్‌కెందుకు?”

“దేవుడి తరఫున విని క్షమిస్తారు. విన్నది మాత్రం ప్రాణం పోయినా ఎవరికీ చెప్పరు.”

“నువ్వే ఫాదర్‌వి కదా, మరి అమ్మకి తెలిసిపోదూ?”

“దుప్పటి వెనక ఉన్నంతసేపూ నేను అమ్మని కాను. వెళ్ళి అక్కని పిలు. ఉత్తుత్తి పాపం ఒకటి ఆలోచించుకుని రమ్మను.”

అమ్మని కాను అన్నాక ఆమెకు ఎంత హాయిగా అనిపించిందో అంత సిగ్గూ వేసింది.

నాలుగేళ్ళుగా ఈ ఇల్లే బడి. పిల్లలకు బయటి గాలి సోకకూడదని భర్త ముచ్చటపడితే ఆమె సరేనంది. ఆరింటికి ప్రార్థన, ఎనిమిదింటికి లెక్కలు, పదింటికి జ్ఞానోపదేశం, మధ్యలో రెండేళ్ళ చంటిదానికి స్నానం, పొయ్యి మీద వంట. బాత్‌రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంటే తలుపు కిందనుంచి చిట్టి వేళ్ళు వచ్చేవి. “ఏడెనిమిదులెంతమ్మా?” అని గొంతు వినిపించేది. జపమాల పట్టుకుని కళ్ళు మూసుకుంటే, తను ఒక్కతే రోడ్డు మీద చేతులూపుకుంటూ నడిచిపోతున్నట్టు కనిపించేది. ఎటు వెళ్తోందో కూడా తెలిసేది కాదు.

ఊపిరాడటం లేదని ఎవరితో చెప్పుకుంటుంది? పూజ అయ్యాక చర్చి మెట్ల మీద ఆడవాళ్ళంతా, “అలాంటి మొగుడు దొరకడం నీ అదృష్టం. పల్లెత్తు మాట అనడు,” అనేవారు. అదీ నిజమే. కళ్ళద్దాల షాపు నుంచి వస్తూనే, చొక్కా అయినా మార్చుకోకుండా గిన్నెలు తోమే మనిషి.

అందుకే పోయిన వారం ధైర్యం చేసి, సిస్టర్ల బడి నుంచి తెచ్చిన ఫారాలు ఆయన ముందు పెట్టింది.

“పెద్దవాళ్ళిద్దరినీ చేర్పిద్దామండీ. నావల్ల కావట్లేదు.”

ఆయన కోప్పడలేదు. ఫారాలు అటూ ఇటూ తిప్పి చూశారు.

“నీ కష్టం నాకు తెలీదా? కానీ వెళ్ళాల్సింది పిల్లలు. పెద్దదాన్నే అడుగుదాం. ఊఁ అంటే ఇద్దరినీ చేర్పిద్దాం. ఉహూఁ అంటే ఇంకో ఏడాది ఓపిక పట్టు. నేను మాత్రం నోరు మెదపను.”

ఇంతకన్నా న్యాయం ఏముంటుంది? పెద్దది ఏ బడి గేటు కనిపించినా ఊచలు పట్టుకుని నిలబడిపోయే పిల్ల. ఇక గట్టెక్కినట్టే అనుకుంది అమ్మ. ఆ సంబరంలో మూడు రోజులు కూర కూడా మాడలేదు.

నిన్న భోజనాల దగ్గర అడిగారు. పెద్దది కంచంలోంచి తలెత్తలేదు.

“వద్దు. నాకు ఇంట్లోనే బాగుంది.”

“నిజంగానా తల్లీ?”

“ఊఁ.”

అమ్మ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. ఆయనే ఆమె వీపు నిమిరి, “పోనీలే, నిన్ను వదిలి ఉండలేదు పాపం,” అన్నారు. ఈ పొద్దున ఫారాలు కూడా ఆయనే తీసుకెళ్ళారు. “మధ్యాహ్నంతో గడువు అయిపోతుంది. సిస్టర్‌కి నేనే చెప్పేస్తాలే, ఎండలో నువ్వెందుకు?”

ఇప్పుడు మూడున్నర. ఇంకో ఏడాది అనుకుంటేనే ఆమెకు గోడలు దగ్గరికి జరిగినట్టుంది.

దుప్పటి కదిలింది. పెద్దది మోకరించింది.

“నన్ను ఆశీర్వదించండి ఫాదర్. ఉత్తుత్తి పాపం చెప్తే అది అబద్ధం అవుతుంది కదా? అందుకని నిజం పాపమే చెప్తాను.”

“చెప్పమ్మా.”

“అమ్మకి అబద్ధం చెప్పాను. మీరు ఎవరికీ చెప్పరు కదా?”

అమ్మ చెయ్యి దుప్పటి అంచుదాకా వెళ్ళి ఆగింది.

“చెప్పను.”

“నాకు బడికి వెళ్ళాలనుంది. చాలా ఉంది. కానీ వద్దన్నాను.”

“ఎందుకలా అన్నావు?”

“నేను వెళ్తే అమ్మ బెంగపెట్టుకుని చచ్చిపోతుందట.”

అమ్మ గుండె కరిగి నీరైంది. ఎంత వెర్రి పిల్ల! ఎక్కడ విందో ఏమో, ఇంత భయం కడుపులో పెట్టుకుని నవ్వుతూ తిరుగుతోంది. ఆయనకు తెలిస్తే ఇంకేమైనా ఉందా? గడువు దాటినా సరే, ఈ క్షణమే పరుగెత్తుకెళ్ళి సిస్టర్ కాళ్ళావేళ్ళా పడరూ! ఆమె కళ్ళు తుడుచుకుంది.

“ఎవరమ్మా నీకలా చెప్పింది?”

పెద్దది దుప్పటికి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

“నాన్నే చెప్పారు, ఫాదర్.”