సుద్దగుర్తు

ఖమ్మం స్టేషన్‌లో నీళ్లు పట్టుకొని వచ్చిన ఆండాలు, తామెక్కిన రైలుపెట్టె మీద సుద్దతో గీసిన ఇంటూ గుర్తు చూసి ఆగిపోయింది.

సూర్యాపేటలో తమ ఇంటి తలుపు మీద ఇలాంటిదే గీసి, మర్నాడు ఇల్లు తగలబెట్టారు రజాకార్లు.

ఎవరూ చూడకుండా తడికొంగుతో తుడిచేసింది.

“రైలు కడుగుతున్నవా? మీ అయ్య కొనిచ్చిండా?” అంది అత్త కిటికీలోంచి.

“దుమ్ము, అత్తా.”

ఎక్కి, పిల్లల్ని ఒళ్లోకి లాక్కుంది. బెజవాడ ప్యాసింజరు మెల్లగా కదిలింది.

కిటికీ పక్కనే ప్లాట్‌ఫారం మీద స్టేషన్ మాస్టరు, సుత్తితో చక్రాలు తట్టి చూసే మనిషి మీద విసుక్కుంటున్నాడు. “గుర్తున్న పెట్టెను ఇడిపియ్యమంటివి. ఏ పెట్టెకూ గుర్తు లేదు మత్తయ్యా, జెండా ఊపిన. అయినా అంత దూరం ఉరికే మెయిలుకు లేని రోగం దీనికెందుకు?”

“మెయిలు ఆగదు సారూ. ఇది ఊరూరికీ ఆగుతది. బ్రేకు పడీ పడీ చక్రం కాగి పగిలింది. సుత్తితో కొడితే మోగుతలేదు. నా చేత్తోనే సుద్ద గీసిన.”

ఆ మాటలు చెవిన పడి ఆండాలు లేచి కేకేసింది. ఇంజను కూతలో అది ఎవరికీ వినపడలేదు.

అత్త కాళ్లు చాపుకుంది. “ఇగ భయం లేదే. బయటపడ్డం.”