తలుపు తీసినవాడు

“ఏదో ఒకటి చెయ్యరా! పాప లోపలుంది, పొయ్యి మీద పాలున్నాయి!” అక్క ఏడుస్తూ తలుపు బాదుతోంది.

అంతకు కాసేపటి ముందే, తమ్ముడు వచ్చాడని అక్కా బావా వరండాలోకి వచ్చారు. “కోర్టు పెట్టిన ప్రొబేషన్ గడువు అయిపోయిందక్కా. నా దొంగతనం కేసు రికార్డుకి కోర్టు సీలు వేసింది. ఇక ఎవరికీ కనపడదు” అని అతను చెబుతుండగానే గాలికి తలుపు మూసుకుని తాళం పడిపోయింది. తాళంచెవులు లోపలే ఉండిపోయాయి.

“తాళాలు తెరిచే పని మళ్లీ ముట్టనని జడ్జిగారికి మాటిచ్చాను. తాళాలాయన్ని పిలవండి బావా.”

“ఆయనొచ్చేదాకా మంట ఆగుతుందా?” బావ కసిరాడు. “నీకు చేతనైన విద్యేగా, కానివ్వు!”

అక్క తలలోని పిన్ను లాగి అతని చేతిలో పెట్టింది.

అతను ఇలా వంగాడో లేదో, తలుపు తెరుచుకుంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. పాప నేల మీద గరిటెతో ఆడుకుంటోంది. అక్క గబగబా గ్యాస్ కట్టేసి, పాపని గుండెకి హత్తుకుంది.

“దేవుడిలా వచ్చావురా నాయనా!”

బావ మాత్రం తాళం వంకే చూస్తున్నాడు. “ఇంత సులువా?” అని గొణిగి, లోపలి గదిలోకి వెళ్లి ఫోన్ చేశాడు. “ఇవాళే వచ్చి తాళం మార్చాలి. గట్టిది తీసుకురండి.”

ఆ మాట ఇద్దరికీ వినపడింది. అక్క తల దించుకుంది. “అది పాతదైపోయిందిలేరా.”

తమ్ముడు పిన్ను ఆమె చేతిలో పెట్టి చెప్పులు వేసుకున్నాడు.

“కోర్టు మూసిపెట్టినదాన్ని మీరే తెరిపించారు కదక్కా. ఇక ఏ తాళం వేస్తే బావకి నిద్ర పడుతుంది?”